తేనెటీగల పెట్టె: ఏది కొనాలి? ఏది చేసుకోవాలి?

తేనెటీగ అనగానే మనకు రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి తీపి, రెండవది కుట్టు. ఈ రెండింటికీ మధ్య మూడవది ఒకటి ఉంది. అదే ఖర్చు. తేనెటీగలు పెంచుదామని ఉత్సాహపడి మొదలుపెట్టిన కుర్రవాళ్ళు చాలామంది ఈగలకు భయపడి మానలేదు, పెట్టెల ఖర్చుకు భయపడి మానారు. మేము మాత్రం ఖర్చు పెట్టి, పోగొట్టుకుని, మళ్ళీ తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాము. ఆ అనుభవంలో నేర్చుకున్నది మన హాస్టల్ తమ్ముళ్ళతోను, పూర్వ విద్యార్థులతోను పంచుకుందామని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

మేము అంటే ఈ హాస్టల్‌లో ఒకే గదిలో పెట్టెలు పెట్టుకుని చదువుకున్న ముగ్గురం. అప్పుడవి రేకు పెట్టెలు, ఇప్పుడు ఈగల పెట్టెలు. అంతే తేడా! మాలో ఒకరి ఊరు ఎస్.కోట దాటి అరకు ఘాటు ఎక్కే దారిలో, కొండ కింద ఉంది. చుట్టూ జీడిమామిడి, కొబ్బరి, చింత, నేరేడు, కానుగ చెట్లు. ఈగలకు ఇంతకన్నా మంచి మెస్సు ఎక్కడ దొరుకుతుంది?

మొదటి దెబ్బ

2023 నవంబరులో ముగ్గురం తలా 2,500 రూపాయలు వేసుకుని 7,500 పోగుచేశాము. ఇద్దరివి స్కాలర్‌షిప్ డబ్బులు. మూడవ వాటా మాలో ఒకరి అమ్మగారు ఉపాధి పనికి వెళ్ళి దాచుకున్నది. ఒక వ్యాపారి దగ్గర రెండు పెట్టెలు 3,800కు కొన్నాము. రెండు కుటుంబాల ఈగలకు 3,000 అయింది. మిగిలిన 700 ముసుగులకు, పొగడబ్బాకు పోయింది. పెట్టెలు చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. పచ్చ రంగు, ఇత్తడి కొక్కెం. ఎవరమూ టేపు పెట్టి కొలవలేదు.

పదిహేను రోజుల తరువాత మూత తీసి చూస్తే చట్రాలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. చట్రానికీ గోడకూ మధ్య ఖాళీలో కూడా ఈగలు తెట్టెలు కట్టేశాయి. ఒక చట్రం పైకి లాగగానే పక్క తెట్టె విరిగి, తేనె, పిల్లపురుగులు కలిసి అడుగు పలక మీద పడ్డాయి. ఆ రాత్రి చీమలు పట్టాయి. మూడవ వారానికి రెండు పెట్టెలూ ఖాళీ. ఈగలు ఎగిరిపోయాయి. మన పుట్ట తేనెటీగకు ఇబ్బంది కలిగితే ఇల్లు వదిలి పోవడం అలవాటు.

ఆ ఊరిలో కొండ తేనె తీసే తాత ఒకరున్నారు. ఆయన ఖాళీ పెట్టెలో వేలు పెట్టి చూసి, "ఈగకి చెక్కతో పని నేదురా బాబూ, సందుతోనే పని. మీరు రంగు సూసి కొన్నారు" అన్నారు. మేము జువాలజీ పుస్తకంలో నాలుగు మార్కుల ప్రశ్నగా చదివిన పాఠం ఆయన నోట ఒక్క ముక్కలో వచ్చింది. ఈ వ్యాసం సారాంశం కూడా అదే. సందు సరిగా ఉంటే పాత చెక్క అయినా పనికివస్తుంది. సందు తప్పితే టేకు పెట్టె అయినా దండగే.

ముందుగా ఈగను తెలుసుకుందాం

మన ప్రాంతంలో తేనె కూడబెట్టే ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు.

1. కొండ తేనెటీగ (ఎపిస్ డార్సేటా): ఎత్తైన చెట్లకు, కొండ చరియలకు ఒకే పెద్ద తెట్టె కడుతుంది. పెట్టెలో ఉండదు.

2. చిన్న తేనెటీగ (ఎపిస్ ఫ్లోరియా): పొదలలో కొమ్మకు అరచేతి పాటి తెట్టె ఒక్కటే కడుతుంది. ఇది కూడా పెట్టెకు లొంగదు.

3. పుట్ట తేనెటీగ (ఎపిస్ సెరానా ఇండికా): పుట్టలలో, చెట్టు తొర్రలలో, గోడ కన్నాలలో చీకటిగా ఉన్నచోట వరుసగా చాలా తెట్టెలు కడుతుంది. పెట్టెలో పెంచవచ్చు.

4. ఐరోపా తేనెటీగ (ఎపిస్ మెల్లిఫెరా): మనదేశంలో 1960 దశకం మొదట్లో హిమాచల్‌లోని నగ్రోటాలో విజయవంతంగా స్థిరపరిచారు. తేనె ఎక్కువ ఇస్తుంది. కాని పెట్టెలు పెద్దవి, ఖర్చు పెద్దది. పూత వెంట పెట్టెలను లారీలో త్రిప్పాలి.

చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి మూడవదే తగినది. ఇది మన ఈగ, మన ఎండకు, వానకు అలవాటుపడింది. ఎక్కడికీ త్రిప్పకుండా పెరట్లోనే పెంచుకోవచ్చు. కాబట్టి ఈ వ్యాసంలో కొలతలన్నీ పుట్ట తేనెటీగకు సంబంధించినవి.

సందు అంటే ఏమిటి?

1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పాదిరీ ఒక సంగతి గమనించారు. పెట్టె లోపల ఒక నిర్ణీతమైన ఖాళీ వదిలితే ఈగలు దానిని దారిగా వాడుకుంటాయి, మూసివేయవు. ఖాళీ అంతకన్నా ఎక్కువైతే అక్కడ తెట్టె కడతాయి. మరీ తక్కువైతే ఈగ దూరలేదు, ఆ ఇరుకులో మైనపు పురుగులు చేరతాయి. దీనినే 'ఈగ సందు' అంటారు. ఈ ఒక్క విషయం తెలిసిన తరువాతే, తెట్టె విరగకుండా చట్రాన్ని పైకి తీసి, చూసి, మళ్ళీ లోపల పెట్టే పెట్టె తయారైంది. అంతకు ముందు తేనె కావాలంటే గూడు పాడుచేయవలసిందే.

20వ శతాబ్దం తొలినాళ్ళలో దక్షిణ భారతంలో ఫాదర్ న్యూటన్ అనే మరో పాదిరీ మన పుట్ట తేనెటీగకు సరిపోయేలా చిన్న పెట్టె తయారుచేశారు. ఈనాటికీ మన ప్రాంతంలో 'న్యూటన్ పెట్టె' అంటే అదే. భారతీయ ప్రమాణాలలో దీనిని 'ఎ' రకం పెట్టె అంటారు. దీని పిల్లల గది చట్రం లోపలి కొలత 210 మి.మీ. పొడవు, 145 మి.మీ. ఎత్తు.

మన పుట్ట ఈగకు సందు 7 నుంచి 8 మి.మీ. ఇక లెక్క చూడండి. ఇది మన ఎనిమిదో తరగతి లెక్కే.

పొడవు: చట్రం లోపల 210. రెండు పక్కల పుల్లలు 8+8. చట్రం బయటి పొడవు 226. గోడకూ చట్రానికీ మధ్య రెండు వైపులా సందు 8+8. పెట్టె లోపలి పొడవు 242 మి.మీ.

వెడల్పు: చట్రం పై పట్టీ వెడల్పు 22. రెండు పట్టీల నడుమ సందు సుమారు 8. అంటే ఒక పట్టీ మధ్య నుంచి ఇంకో పట్టీ మధ్యకు 30. ఏడు చట్రాలకు 7×30=210 మి.మీ.

ఐరోపా ఈగకు ఈ 30 బదులు 35 ఉంటుంది. మేము కొన్న పెట్టెలలో జరిగిన పొరపాటు ఇదే. చట్రాలను 35 దూరంలో అమర్చారు. గోడ పక్క ఖాళీ 15 మి.మీ. ఉంది. పెట్టె చిన్నదే, ఎడం మాత్రం పెద్ద ఈగది. పాపం ఈగలు వాటికి తెలిసిన పని అవి చేశాయి. ఖాళీ కనిపించిన చోటల్లా తెట్టె కట్టాయి.

ఎత్తుకు కూడా ఇదే పద్ధతి. పిల్లల గది చట్రం అడుగు పుల్లకూ అడుగు పలకకూ మధ్య ఒక సందు, పిల్లల గది చట్రాలకూ పైనున్న తేనె గది చట్రాలకూ మధ్య ఒక సందు ఉండాలి.

కొలిచే పరికరం: టేపుతో 8 మి.మీ. ప్రతిచోటా కొలవడం కష్టం. మేము హార్డ్‌వేర్ దుకాణంలో ఒక 8 మి.మీ. డ్రిల్లు బిట్టు, ఒక 10 మి.మీ. డ్రిల్లు బిట్టు చేతిలో పట్టుకుని చూశాము. వీటి నున్నటి వైపు చక్కని కొలబద్ద. సందులో 8ది వదులు లేకుండా దూరాలి, 10ది దూరకూడదు. అంతే పరీక్ష. పెట్టె కొనడానికి వెళ్ళినా ఈ రెండూ జేబులో వేసుకుని వెళ్ళండి. అమ్మేవారు ఏమనుకుంటారో అని మొహమాటపడవద్దు. మేము మొహమాటపడిన ఖరీదు 7,500.

చేసుకోదగినవి

పెట్టె చెక్క: టేకు అవసరం లేదు. మంచి చెక్కకు మూడు లక్షణాలు చాలు. బాగా ఎండి ఉండాలి, ఘాటు వాసన ఉండకూడదు, 22-25 మి.మీ. మందం ఉండాలి. పచ్చి చెక్క ఎండినప్పుడు కుంచించుకుపోయి సందు మారిపోతుంది. ప్లైవుడ్ వానకు పొరలు విడిపోతుంది. యంత్రాలు ప్యాకింగ్ చేసి వచ్చే పైన్ చెక్క పాత సామాన్ల దుకాణంలో చవకగా దొరుకుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. విదేశాల నుంచి వచ్చే ప్యాకింగ్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మతో ముద్ర ఉంటుంది. దాని పక్కన 'హెచ్ టీ' అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడవచ్చు. 'ఎమ్ బీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో శుద్ధి చేసినది. అది ఎంత చవకైనా వదిలివేయాలి. నూనె మరకలు, మందుల వాసన ఉన్న చెక్క కూడా వద్దు.

చట్రాలు: వడ్రంగితో ముందుగా ఒక్క చట్రం చేయించి, పరీక్షించి, దానిని నమూనాగా ఉంచుకుని మిగిలినవి చేయించాలి. అన్ని పెట్టెలకూ ఒకే కొలత ఉండాలి. అప్పుడే ఈ పెట్టె చట్రం ఆ పెట్టెలో పడుతుంది. ఒక కుటుంబం బలహీనపడితే ఇంకొక దాని నుంచి పిల్లల చట్రం తీసి ఇవ్వవచ్చు. కొత్తవారు ఒక పెట్టెతో కాక రెండు పెట్టెలతో మొదలుపెట్టాలని చెప్పడంలో అంతరార్థం ఇదే.

రంగు: పెట్టె లోపల ఏ రంగూ వేయకూడదు. బయట మాత్రం లేత రంగు వేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండబెట్టాలి. అవిసె నూనె రాసినా చాలు. మూత పైన పాత రేకు ముక్క కొడితే వాన దిగదు.

స్టాండు: నాలుగు సరుగుడు కర్రలకు పలక కొడితే సరిపోతుంది. ప్రతి కర్ర కింద మట్టి మూకుడు పెట్టి నీళ్ళు పోయాలి. చీమలకు ఇదే కోట కందకం. నీళ్ళు ఎండిపోకుండా చూడటం రోజూ చేయవలసిన పని. ఒక్కరోజు మరచిపోతే చీమలు మరచిపోవు.

ముసుగు: తాటాకు టోపీకి చుట్టూ దోమతెర గుడ్డ కుట్టి, కింద దారం పెట్టి మెడ దగ్గర బిగించుకోవాలి. ముఖం ముందు నల్లని తెర ఉంటే లోపలి నుంచి చూపు స్పష్టంగా ఉంటుంది. చొక్కా మాత్రం లేత రంగుది, నిండు చేతులది వేసుకోవాలి.

పొగడబ్బా: ఖాళీ పాలపొడి డబ్బాకు అడుగున మేకుతో కన్నాలు పెట్టి, మూతకు ఒక గొట్టం అమర్చి, తీగతో పిడి కట్టుకోవచ్చు. కొబ్బరి పీచు, ఎండిన పిడక ముక్క, గోనె ముక్క వేసి రాజబెట్టాలి. ప్లాస్టిక్, రబ్బరు, రంగు వేసిన గుడ్డ కాల్చకూడదు. పొగ చల్లగా, తెల్లగా రావాలి, మంట రాకూడదు. రెండు మూడు దమ్ములు చాలు. వేసవిలో తోటలో గడ్డి ఎండి ఉంటుంది కనుక పక్కన బిందెతో నీళ్ళు పెట్టుకోవాలి.

గీటు కత్తి, కుంచె: చట్రాలు కదపడానికి పాత ఉలి చాలు. లేదా కమ్మరి దగ్గర పాత కమాను పట్టీ ముక్క సాగగొట్టించుకోవాలి. ఈగలను మెల్లగా తోయడానికి కోడి ఈక లేదా మెత్తని గడ్డి కట్ట పనికివస్తుంది.

పంచదార నీళ్ళ సీసా: కొత్తగా వచ్చిన కుటుంబానికి, పూత లేని వానాకాలంలోనూ పంచదార, నీళ్ళు సమానంగా కలిపి పెట్టాలి. సీసా మూతకు సన్నని కన్నాలు చేసి బోర్లించినా, కొబ్బరి చిప్పలో పోసి పుల్లలు వేసినా సరే. పుల్లలు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి. సాయంత్రం చీకటి పడ్డాక పెట్టాలి. పగలు పెడితే పక్క కుటుంబాలు దోచుకోవడానికి వస్తాయి.

కొనవలసినవి

ఇవి చేసుకోవచ్చు కదా అని మేము కూడా అనుకున్నాము. అయితే రెండు సూత్రాలు గుర్తుంచుకోండి. మిల్లీమీటరులో పదవ వంతు లెక్క ఉన్నది కొనాలి. తేనె తగిలేది కొనాలి.

రాణి తెర, రాణి గేటు: కూలి ఈగ దూరాలి, రాణి ఈగ దూరకూడదు. ఆ రెండింటి నడుము కొలతకు ఉన్న తేడా కంటితో చూసి చేసేది కాదు. పుట్ట ఈగకు చేసినదే కావాలని అడిగి కొనాలి. ఐరోపా ఈగ తెర తెస్తే మన రాణి అందులోంచి హాయిగా నడిచి వెళ్ళిపోతుంది.

మైనపు అచ్చు పలకలు: ఇక్కడా అదే జాగ్రత్త. మన ఈగ గది చిన్నది, ఐరోపా ఈగ గది పెద్దది. డబ్బు చాలకపోతే పలకలు సన్నని పట్టీలుగా కోసి, పై పట్టీకి మాత్రం కరిగించిన మైనంతో అతికిస్తే మిగతాది ఈగలే కట్టుకుంటాయి. మేము ఒక పలకను నాలుగు చట్రాలకు సరిపెట్టాము.

తేనె తీసే యంత్రం: చట్రాన్ని గిర్రున త్రిప్పి, తెట్టె చెడకుండా తేనె రాబట్టే డబ్బా ఇది. జింకు పూసిన రేకుతో చేసినవి చవక. కాని తేనెకు ఆమ్ల గుణం ఉంది. అది జింకును కరిగిస్తుంది. స్టీలుదే మంచిది, కాని రెండు పెట్టెలకు స్టీలు యంత్రం కొనడం ఎద్దు ధరకు ములుకోల కొన్నట్టే. దీనికి దారి పదిమంది కలిసి ఒకటి కొనడం. ఏడాదిలో దాని పని కొద్ది రోజులే. మేము దగ్గరి ఊరి పెంపకందారు దగ్గర ఒకరోజుకు అరువు తెచ్చుకున్నాము. వాడే ముందు, వాడిన తరువాత వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. లేకపోతే యంత్రంతో పాటు ఒకరి రోగం ఇంకొకరికి చేరుతుంది.

తేనె పాత్రలు: పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వాడకూడదు. గాజు సీసాలు, స్టీలు గిన్నెలు, ఆహారానికి పనికివచ్చే ప్లాస్టిక్ డబ్బాలు మాత్రమే వాడాలి. మూత బిగువుగా ఉండాలి. తేనె గాలిలోని తేమను పీల్చుకుని పులిసిపోతుంది.

పాత పెట్టెలు కొనవచ్చా?

సగం ధరకు వస్తున్నాయని చాలామంది ఆశపడతారు. పాత పెట్టె కొనవచ్చు, పాత తెట్టె మాత్రం కొనకూడదు. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగల పెంపకాన్ని భారీగా దెబ్బతీసింది. పిల్లపురుగులు గదులలోనే సంచుల్లాగా ఉబ్బి చనిపోతాయి. పాత తెట్టెలో ఏ తెగులు దాగి ఉందో పైకి కనబడదు. అందుచేత తెట్టెలు తీసేసి, చెక్కను గీకి, వేడినీళ్ళు, సోడాతో కడిగి, లోపలి గోడలను పైపైన మంటతో కమిలేలా కాల్చి, ఎండలో పెట్టిన తరువాతే వాడాలి. మా మొదటి రెండు పెట్టెలనూ ఇలాగే శుభ్రం చేసి, వడ్రంగి చేత లోపల పలకలు కొట్టించి సందు సరిచేయించుకున్నాము. ఇప్పుడు అవి ఈగలు విడిపోయేటప్పుడు కొత్త కుటుంబానికి పనికివస్తున్నాయి.

మా రెండవ ప్రయత్నం ఖర్చు

2024 అక్టోబరులో రెండు కొత్త పెట్టెలు చేయించుకున్నాము. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారుతాయి. మాకు అయినది ఇది.

పైన్ చెక్క - రూ. 700
వడ్రంగి కూలి (చట్రాలతో సహా) - రూ. 1,400
మేకులు, సన్నని తీగ - రూ. 150
మూతలకు రేకు - రూ. 200
స్టాండు కర్రలు, మూకుళ్ళు - రూ. 160
ముసుగులు రెండు - రూ. 180
పొగడబ్బా - రూ. 60
గీటు కత్తి - రూ. 80
మైనపు అచ్చు పలకలు - రూ. 300
రాణి గేట్లు రెండు - రూ. 120
పంచదార - రూ. 180
మొత్తం - రూ. 3,530

ఈగలకు డబ్బు పెట్టలేదు. తాత మమ్మల్ని వెంట తీసుకువెళ్ళి ఒక పుట్టలో, ఒక చింతచెట్టు తొర్రలో ఉన్న కుటుంబాలను చూపించారు. సాయంత్రం వేళ కొద్దిగా పొగ పెట్టి, తెట్టెలు ఒక్కొక్కటే కోసి, పిల్లలున్న తెట్టెలను చట్రంలో సరిగ్గా నిలబెట్టి అరటి నారతో కట్టాము. నార ఎందుకంటే ఈగలు తెట్టెను చట్రానికి అతికించుకున్న తరువాత ఆ నారను అవే కొరికి బయట పారేస్తాయి. తేనె తెట్టెలు బరువుకు జారిపడతాయి కనుక వాటిని కట్టలేదు. రాణి పెట్టెలోకి చేరిందంటే మిగిలినవి వాటంతట అవే వస్తాయి. రాణి గేటు కొన్నిరోజులు ఉంచి, పంచదార నీళ్ళు పెట్టాము. తాతకు కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. పండుగకు ఒక పంచె పెట్టాము.

పదిహేనవ రోజు మూత తీసేటప్పుడు ముగ్గురికీ చేతులు వణికాయి. చట్రం ఒక్క చేత్తో పైకి వచ్చింది. ఏదీ విరగలేదు. రెండు వైపులా నిండుగా పిల్లలు.

తేనె ఎప్పుడు తీయాలి?

తేనె గదిలోని చట్రంలో మూడు వంతులకు పైగా గదులకు మైనపు మూత పడిన తరువాతే తీయాలి. మూత వేయని తేనెలో నీరు ఎక్కువ ఉంటుంది, పులుస్తుంది. తేనెలో తేమ 20 శాతానికి మించకూడదని ఆహార భద్రతా ప్రమాణం. పిల్లల గదిలోని తేనె మాత్రం తీయకూడదు. అది వాటి మెస్ బియ్యం. నెలాఖరులో స్టోర్ ఖాళీ అయితే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

2025 మార్చి నుంచి మే వరకు రెండు పెట్టెల నుంచి మొత్తం 7 కిలోల తేనె తీశాము. 5 కిలోలు కిలో 500 చొప్పున అమ్మితే 2,500 వచ్చింది. అంటే పెట్టుబడి అంతా మొదటి ఏడాదే రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా! కాని పెట్టెలు, సామాను, ఈగలు మాకు మిగిలాయి. తేనెటీగలతో నెలలో లక్షలు వస్తాయని ఎవరైనా చెబితే, వారు పెట్టెలు అమ్మేవారై ఉంటారని గుర్తుంచుకోండి.

కొన్ని జాగ్రత్తలు

కుట్టిన ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయాలి. కొద్దిగా వాపు సహజం. కాని ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, కళ్ళు తిరిగినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కొందరికి ఒక్క కుట్టు కూడా ప్రమాదమే. ఒంటరిగా పెట్టె తెరవవద్దు. చుట్టుపక్కల రైతులు మందు కొట్టే రోజు ముందే తెలుసుకుని, ఆ పూట గేటు మూసి, గాలి ఆడేలా చూసుకోవాలి.

పెట్టె కొనే ముందు శిక్షణ పొందడం ఉత్తమం. మీ జిల్లాలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టి శిక్షణ, పెట్టెలు అందించింది. కేంద్ర ప్రభుత్వం 2020లో జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌ను ప్రకటించింది. ప్రస్తుతం ఏ పథకంలో ఏమి ఇస్తున్నారో దరఖాస్తు పెట్టే ముందు కార్యాలయంలో కనుక్కోండి. ఉచితంగా వచ్చిన పెట్టెను కూడా డ్రిల్లు బిట్టుతో కొలిచిన తరువాతే ఈగలను దింపండి.

ముగింపు

మొదటి సీసా తేనె మా మూడవ వాటా ఇచ్చిన అమ్మగారికే ఇచ్చాము. రెండేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా డబ్బుల మాట ఎత్తలేదు. సీసాను వెలుతురులో పెట్టి చూసి, "ఇదేనేటిరా నా రెండువేల ఐదొందలు?" అని నవ్వారు. ఆ నవ్వు చూసిన తరువాత మాకు ఒక సంగతి అర్థమైంది. మన ఇళ్ళలో డబ్బు పోతే పోయేది డబ్బు మాత్రమే కాదు, మళ్ళీ ప్రయత్నించే ధైర్యం కూడా. అందుకే కొనే ముందు కొలవడం మనబోటి వారికి పిసినారితనం కాదు, అవసరం.

చివరిగా ఒక విన్నపం. మన హాస్టల్ పూర్వ విద్యార్థులలో ఊళ్ళలో తోటలు, పెరళ్ళు ఉన్నవారు చాలామంది ఉన్నారు. ఆసక్తి ఉన్న పదిమంది కలిస్తే ఒక స్టీలు యంత్రం కొనుక్కుని అందరూ వాడుకోవచ్చు. చట్రం నమూనా, సందు కొలత మేము ఇస్తాము. మా వడ్రంగి చేసిన మొదటి చట్రం ఈ వార్షికోత్సవం రోజున స్టడీ హాలులో పెడుతున్నాము. వచ్చినవారు చేతిలోకి తీసుకుని చూడండి. కొలుచుకుని వెళ్ళండి.

- హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జంతుశాస్త్రం), మిత్రులిద్దరితో కలిసి